‘అవార్డు’ అంటే బహుమతి కాదు: భూమి, బ్యాంకు కాగితాల్లో తికమక పెట్టే ఇంగ్లిష్ మాటలు ఇవే

ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు ఇంగ్లిష్‌లో ఒక నోటీసు వస్తుంది. దాన్ని ఫొటో తీసి, పట్నంలో ఉన్న కొడుక్కో కూతురికో వాట్సాప్‌లో పంపిస్తారు. ‘ఇందులో ఏముందో చెప్పు బిడ్డా’ అని అడుగుతారు. ఇప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

ఇలాంటి కాగితం చదివేటప్పుడు తెలియని మాటతో పెద్దగా ఇబ్బంది ఉండదు. తెలియదు కాబట్టి ఎవరినైనా అడుగుతాం, ఫోన్‌లో వెతుకుతాం. ఇబ్బంది అంతా తెలుసనుకున్న మాటతోనే. అవార్డు, ఇంట్రెస్ట్, టైటిల్, మైనర్, లేట్, ప్రొటెస్ట్.. ఇవన్నీ రోజూ వాడే మాటలే. కానీ భూసేకరణ నోటీసులోనో, రిజిస్ట్రేషన్ దస్తావేజులోనో, బ్యాంకు లేఖలోనో వాటి అర్థం వేరు. ఆ తేడా తెలియకపోతే గడువు దాటిపోవచ్చు, హక్కు కూడా పోవచ్చు.

సిద్దిపేట జిల్లా తొగుట మండలంలో ఈ మాటలతో పని పడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా 50 టీఎంసీల సామర్థ్యంతో మల్లన్నసాగర్ జలాశయాన్ని కట్టింది ఇక్కడే. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ 2022 ఫిబ్రవరి 23న తొగుట మండలం తుక్కాపూర్ దగ్గర దాన్ని ప్రారంభించారు. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్, రాంపూర్ లాంటి ఊళ్లు ముంపునకు గురయ్యాయి. నిర్వాసితుల కోసం గజ్వేల్ దగ్గర పునరావాస కాలనీ కట్టారు. ఈ క్రమంలో నోటీసులు, డిక్లరేషన్లు, అవార్డులు, అఫిడవిట్లు ప్రతి ఇంటి గడప తొక్కాయి. రేపు ఏ రోడ్డు కోసమో, కాలువ కోసమో, పరిశ్రమ కోసమో భూమి అడిగితే ఏ ఊరికైనా వచ్చేవి ఈ కాగితాలే.

అసలు తికమక ఎక్కడ వస్తుంది?

కారణాలు మూడు.

ఒకటి, పలకడం ఒకటే, రాయడం వేరు. ఇళ్ల స్థలాన్ని సైట్ అంటారు. కంటిచూపూ సైట్, ఉదాహరణగా చూపించడమూ సైట్. ఇంగ్లిష్‌లో ఈ మూడింటికీ స్పెల్లింగ్ వేరు. తెలుగులో మాత్రం పలికినట్టే రాస్తాం కాబట్టి మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ మనకిచ్చే ఆనవాలు తెలుగు లిపిలోకి వచ్చేసరికి పోతుంది.

రెండు, పలకడంలో కొద్దిపాటి తేడా. యాక్సెప్ట్ అంటే ఒప్పుకోవడం, ఎక్సెప్ట్ అంటే తప్ప. వేగంగా చెబితే రెండూ ఒకేలా వినిపిస్తాయి. వాయిస్ టైపింగ్‌లో ఒకదానికి బదులు మరొకటి పడే అవకాశం ఎక్కువ.

మూడు, మాట ఒకటే, స్పెల్లింగ్ ఒకటే, అర్థాలు రెండు. వీధిలో ఒకటి, చట్టంలో మరొకటి. అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసేవి ఇవే. స్పెల్లింగ్ చూసినా తేడా తెలియదు, కాగితం దేని గురించో చూస్తేనే తెలుస్తుంది.

భూసేకరణ కాగితాల్లో కనిపించే మాటలు

ఇప్పుడు దేశమంతటా అమల్లో ఉన్నది 2013 భూసేకరణ చట్టం. ఇది 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో దీనికి కొన్ని సవరణలు చేసుకుంది. కింద చెప్పిన సెక్షన్లు, గడువులు కేంద్ర చట్టంలోవి. మీ కేసు ఏ నిబంధన కింద నడుస్తోందో నోటీసులోనే రాసి ఉంటుంది, ముందు అది చూసుకోండి.

అక్విజిషన్, రిక్విజిషన్, ప్రొక్యూర్‌మెంట్: మొదటిది భూసేకరణ. చట్టం ఇచ్చిన అధికారంతో ప్రభుత్వం భూమి తీసుకుంటుంది, యాజమాన్యం మారిపోతుంది. రెండోది తాత్కాలికంగా వాడుకోవడం. ఎన్నికలప్పుడు బస్సులను, బడి భవనాలను తీసుకునేది ఇలాగే. పని అయ్యాక తిరిగి ఇచ్చేస్తారు, యాజమాన్యం మారదు. మూడోది కొనుగోలు. అమ్మేవారు ఇష్టపడి ఒప్పుకోవాలి.

మల్లన్నసాగర్ వివాదంలో ఈ తేడా చాలా కీలకమైంది. ఇష్టపూర్వకంగా అమ్మేవారి నుంచి ప్రాజెక్టులకు నేరుగా భూమి కొనేందుకు ప్రభుత్వం 2015 జులై 30న జీవో 123 ఇచ్చింది. కొనుగోలు కాకుండా 2013 చట్టం ప్రకారం సేకరణే జరగాలని, అప్పుడే పునరావాసం హక్కుగా వస్తుందని ముంపు గ్రామాల్లో చాలామంది పట్టుబట్టారు. వ్యవసాయ కూలీలు వేసిన పిటిషన్‌పై 2016 ఆగస్టు 3న హైకోర్టు సింగిల్ జడ్జి ఈ జీవోను కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. ఆ వ్యాజ్యాలన్నింటి వెనుక ఉన్న ప్రశ్న ఒకటే: ఇది కొనుగోలా, సేకరణా?

నోటిఫికేషన్, నోటీసు: నోటిఫికేషన్ అందరికీ చేసే ప్రకటన. నోటీసు మీకు లేదా మీ భూమికి సంబంధించి ఇచ్చేది. ‘మాకు నోటీసు రాలేదు కదా’ అని ఊరుకోకూడదు. సెక్షన్ 11 కింద ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడ్డాక అభ్యంతరాలు చెప్పడానికి 60 రోజులే గడువు. ఆ లెక్క నోటిఫికేషన్ ప్రచురించిన రోజు నుంచి మొదలవుతుంది, మీ చేతికి కాగితం వచ్చిన రోజు నుంచి కాదు.

అవార్డు: మనకు అవార్డు అంటే సన్మానం, శాలువా. భూసేకరణలో అవార్డు అంటే కలెక్టర్ ఇచ్చే తుది నిర్ణయం. ఎంత భూమి తీసుకుంటున్నారు, ఎంత పరిహారం, ఎవరికి ఎంత అన్నవి అందులో ఉంటాయి. ‘అవార్డ్ పాస్ అయ్యింది’ అని ఉంటే మీకేదో బహుమతి వచ్చినట్టు కాదు. నిర్ణయం జరిగిపోయింది, దాన్ని సవాలు చేసే గడువు మొదలైంది అని అర్థం. పునరావాసానికి విడిగా మరో అవార్డు ఉంటుంది. రెండూ అడిగి తీసుకోవాలి.

రిఫరెన్స్: ఉద్యోగానికి మన గురించి చెప్పే మనిషీ రిఫరెన్సే, లేఖ పైన ఉండే నంబరూ రిఫరెన్సే. భూసేకరణలో మాత్రం దీనికి అర్థం వేరు. పరిహారం తక్కువైందనో, కొలత తప్పనో, వాటా సరిగా లేదనో మీ అభ్యంతరాన్ని విచారణ అథారిటీకి పంపమని కలెక్టర్‌ను కోరడమే రిఫరెన్స్. సెక్షన్ 64 ప్రకారం అవార్డు ఇచ్చేటప్పుడు మీరు గానీ మీ ప్రతినిధి గానీ అక్కడుంటే ఆ రోజు నుంచి ఆరు వారాల్లో కోరాలి. లేకపోతే నోటీసు అందిన ఆరు వారాలు, అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఈ రెండింటిలో ఏది ముందు ముగిస్తే అదే గడువు. సరైన కారణం చూపిస్తే మరో ఏడాది లోపు కూడా కలెక్టర్ స్వీకరించవచ్చు.

అండర్ ప్రొటెస్ట్: ప్రొటెస్ట్ అనగానే ధర్నా, నిరాహార దీక్ష గుర్తొస్తాయి. రసీదు మీద ఉండే ‘అండర్ ప్రొటెస్ట్’ అనే రెండు మాటలకు వాటితో సంబంధం లేదు. ‘ఈ మొత్తం చాలదనే అభ్యంతరం ఉంచుకుని తీసుకుంటున్నాను’ అని దాని అర్థం. ఇలా రాసి డబ్బు తీసుకుంటే పరిహారం పెంచమని అడిగే హక్కు మిగులుతుంది. అభ్యంతరం రాయకుండా తీసుకున్నవారు సెక్షన్ 64 కింద దరఖాస్తు చేసుకోలేరని చట్టం స్పష్టంగా చెబుతోంది. మొత్తం సరిపోదని అనుకుంటే సంతకం పక్కనే ‘అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను’ అని రాయండి. రసీదు నకలు దగ్గర పెట్టుకోండి.

ఇంట్రెస్ట్: దీనికి మూడు అర్థాలున్నాయి: ఆసక్తి, వడ్డీ, హక్కు. ‘పర్సన్ ఇంట్రెస్టెడ్’ అంటే ఆసక్తి ఉన్న మనిషి కాదు. పరిహారంలో హక్కు కోరగల వ్యక్తి. భూ యజమానే కానక్కర్లేదు. ఆ భూమిని కౌలుకు చేసేవారు, దాని మీదే బతుకుదెరువు ఉన్నవారు కూడా చట్టం దృష్టిలో ఈ కోవలోకి వస్తారు. ఇదే కాగితంలో ‘ఇంట్రెస్ట్ ఎట్ 9 పర్సెంట్’ అని ఉంటే అది వడ్డీ. పరిహారం చెల్లించకుండానే భూమి స్వాధీనం చేసుకుంటే మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ ఇవ్వాలని సెక్షన్ 80 చెబుతోంది.

అఫెక్టెడ్, ఎఫెక్టెడ్, డిస్‌ప్లేస్డ్: ఏ అక్షరంతో మొదలయ్యే అఫెక్టెడ్ అంటే ప్రభావితమైన. ఇ అక్షరంతో మొదలయ్యే ఎఫెక్టెడ్ అంటే అమలు చేసిన, జరిపించిన. ‘మ్యుటేషన్ ఎఫెక్టెడ్’ అని ఉంటే పేరు మార్పు జరిగిపోయిందని అర్థం, దెబ్బతిన్నదని కాదు. ‘డిస్‌ప్లేస్డ్ ఫ్యామిలీ’ అంటే ఊరు విడిచి వేరేచోటికి వెళ్లాల్సిన కుటుంబం. ‘అఫెక్టెడ్ ఫ్యామిలీ’ పరిధి ఇంకా పెద్దది. సెంటు భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడి బతికిన కూలీలు, కౌలుదార్లు, చేతివృత్తుల వాళ్లు కూడా ఇందులోకి వస్తారు. కాబట్టి ‘మాకు భూమి లేదు, మాకేం రాదు’ అని కాగితం పక్కన పడేయొద్దు.

మేజర్, మైనర్: 18 ఏళ్లు నిండితే మేజర్. పునరావాసంలో ఇది చాలా ముఖ్యం. 2013 చట్టం ప్రకారం పెళ్లి అయినా కాకపోయినా వయోజనులను విడి కుటుంబంగా లెక్కించాలి. భర్త చనిపోయిన, విడాకులు తీసుకున్న, కుటుంబం వదిలేసిన మహిళలనూ విడి కుటుంబాలుగానే చూడాలి. నీటిపారుదల శాఖ కాగితాల్లో మాత్రం మైనర్ అంటే కాలువ. ప్రధాన కాలువ నుంచి డిస్ట్రిబ్యూటరీ, దాని నుంచి మైనర్, ఆ తర్వాత సబ్ మైనర్. ‘మైనర్ కింద ఆయకట్టు’ అని ఉంటే పిల్లవాడి పేరు మీదున్న పొలం అనుకోకండి.

కాంపెన్సేషన్, సొలేషియం, ఎక్స్‌గ్రేషియా: మూడూ చేతికి వచ్చే డబ్బే అయినా మూడూ ఒకటి కాదు. కాంపెన్సేషన్ నష్టానికి హక్కుగా వచ్చే పరిహారం. సొలేషియం అంటే ఇష్టం లేకపోయినా భూమి వదులుకోవాల్సి వచ్చినందుకు పరిహారం మీద అదనంగా ఇచ్చేది. 2013 చట్టంలో ఇది 100 శాతం. ఎక్స్‌గ్రేషియా అంటే ప్రభుత్వం తన దయతో ఇచ్చేది. చట్టపరమైన బాధ్యత ఉందని ఒప్పుకుని ఇచ్చే సొమ్ము కాదు. ఏ పద్దు కింద ఎంత ఇస్తున్నారో అవార్డులో విడివిడిగా చూసుకోవాలి.

రీహాబిలిటేషన్, రీసెటిల్‌మెంట్: ‘ఆర్ అండ్ ఆర్’ అని వినే మాటలో రెండు ఆర్‌లు ఇవే. రీసెటిల్‌మెంట్ అంటే వేరేచోట ఇల్లు, స్థలం, రోడ్డు, నీళ్లు, బడి ఇవ్వడం. రీహాబిలిటేషన్ అంటే బతుకుదెరువు మళ్లీ నిలబడేలా చేయడం. ఇల్లు ఇచ్చినంత మాత్రాన రెండోది పూర్తయినట్టు కాదు.

రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో

లీజ్, రిలీజ్: ‘లీజ్ డీడ్’ అంటే కౌలు లేదా కిరాయి పత్రం. గడువు తీరాక ఆస్తి మీకే వస్తుంది. ‘రిలీజ్ డీడ్’ అంటే హక్కు విడుదల పత్రం. ఉమ్మడి ఆస్తిలో మీ వాటాను శాశ్వతంగా వదులుకుంటున్నట్టు. మొదట ‘రి’ ఉందా లేదా అన్నది చూడకుండా అన్నదమ్ముల మధ్య కాగితాల మీద సంతకం పెట్టొద్దు. ఆడపడుచులతో సంతకాలు పెట్టించే పత్రాల్లో ఎక్కువగా ఉండేది రెండోదే.

టైటిల్: సినిమాకు ఉండే పేరు కాదు, ఆస్తి మీద యాజమాన్య హక్కు. ‘క్లియర్ టైటిల్’ అంటే హక్కు విషయంలో వివాదం లేదని.

కన్సిడరేషన్: ‘మీ దరఖాస్తు అండర్ కన్సిడరేషన్’ అని ఆఫీసు లేఖలో ఉంటే పరిశీలనలో ఉందని. అదే మాట అమ్మకం దస్తావేజులో ఉంటే ఆస్తికి బదులుగా ఇచ్చే ధర, అంటే ప్రతిఫలం.

ఎగ్జిక్యూట్: ఉరితీయడానికీ ఇదే మాట, పని అమలు చేయడానికీ ఇదే మాట. దస్తావేజులో మాత్రం సంతకం పెట్టి పత్రం రాసివ్వడం. ‘ఎగ్జిక్యూటెడ్ బై’ అంటే రాసిచ్చినవారు.

అగ్రిమెంట్ ఆఫ్ సేల్, సేల్ డీడ్: మొదటిది అమ్ముతానని చేసుకున్న ఒప్పందం, రెండోది అమ్మకం. ఒప్పందం చేతిలో ఉన్నంత మాత్రాన ఆస్తి మీది కాదు. సేల్ డీడ్ రిజిస్టర్ అయితేనే యాజమాన్యం మారుతుంది.

సెటిల్‌మెంట్: తగాదా తెంపుకోవడాన్ని సెటిల్‌మెంట్ అంటాం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ‘సెటిల్‌మెంట్ డీడ్’ అంటే కుటుంబ సభ్యులకు ఆస్తి రాసివ్వడం. దీని మీద సంతకం పెట్టడమంటే రాజీ పడటం కాదు, ఆస్తి బదలాయించడం.

అసైన్, అసైన్డ్: బడిలో ఇచ్చే అసైన్‌మెంట్ ఇంటి పని. ‘అసైన్డ్ ల్యాండ్’ ప్రభుత్వం పేదలకు పంపిణీ చేసిన భూమి. 1977 నాటి చట్టం ఇలాంటి భూముల అమ్మకాన్ని నిషేధించింది. అయితే మామూలు దస్తావేజుల్లో ‘హెయిర్స్ అండ్ అసైన్స్’ అని కూడా కనిపిస్తుంది. అక్కడ అర్థం వారసులు, హక్కు బదిలీ పొందినవారు అని. ఆ మాట కనిపించగానే అది అసైన్డ్ భూమి అని భయపడనక్కర్లేదు.

లేట్, డిసీజ్డ్, ఇష్యూ: తండ్రి పేరు ముందు లేట్ అని ఉంటే ఆయన చనిపోయారని. బతికున్నవారి పేరు ముందు పొరపాటున ఈ మాట పడితే పింఛను నుంచి పట్టా వరకు అన్నింటికీ చిక్కే. డిసీజ్డ్ అని వినిపించే మాటలు రెండున్నాయి. డి, ఇ తర్వాత సి ఉంటే చనిపోయిన వ్యక్తి. డి తర్వాత ఐ, ఎస్ ఉంటే జబ్బు పడిన వ్యక్తి. ఇక ‘డైడ్ వితౌట్ ఇష్యూ’ అంటే గొడవ లేకుండా పోయారని కాదు, సంతానం లేకుండా చనిపోయారని. వారసత్వం కేసులో ఈ ఒక్క వాక్యం ఆస్తి ఎవరికి వెళ్లాలో నిర్ణయించగలదు.

రెవెన్యూ రికార్డుల్లో, పోర్టల్‌లో

రాష్ట్రంలో ధరణి పోర్టల్ 2020 అక్టోబర్ 29న మొదలైంది. దాని స్థానంలో తెచ్చిన భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. పోర్టల్ పేరు మారినా మాటలు మాత్రం చాలావరకు అవే.

మ్యుటేషన్: కరోనా రోజుల్లో వైరస్ మ్యుటేషన్ గురించి రోజూ విన్నాం. భూమి విషయంలో అది రికార్డులో పేరు మార్పు. సక్సెషన్ అంటే వారసత్వం ద్వారా వచ్చే మార్పు, పార్టిషన్ అంటే పంపకం ద్వారా వచ్చే మార్పు.

ఎక్స్‌టెంట్: విస్తీర్ణం. ఇక్కడ మాటతో పాటు అంకెతోనూ జాగ్రత్త. ఎక్స్‌టెంట్ 1-20 అని ఉంటే తెలంగాణలో ఎకరం 20 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది ఎకరంన్నర. అదే అంకెను 1.20 ఎకరాలు అని దశాంశంలో లెక్కేస్తే ఎకరం 8 గుంటలే అవుతుంది. తేడా 12 గుంటలు. గుంటకు 121 చదరపు గజాలు. అంటే 1,452 గజాలు లెక్కలోనే పోతాయి.

ట్యాంక్, బండ్, బాండ్: రికార్డుల్లో ట్యాంక్ అంటే ఇంటి మీద ప్లాస్టిక్ ట్యాంకు కాదు, చెరువు. బండ్ అంటే కట్ట. బాండ్ అంటే హామీ పత్రం. ‘బండ్ ఏరియా’లో మీ సర్వే నంబర్ ఉందంటే కట్ట కిందికి మీ పొలం వస్తోందని.

ఎలిజిబుల్, ఇల్లెజిబుల్: దరఖాస్తు తిరస్కరణ మెసేజ్‌లలో గుండె జారేది ఇక్కడే. ‘నాట్ ఎలిజిబుల్’ అంటే మీరు అర్హులు కారని. ‘ఇల్లెజిబుల్’ అంటే మీరు పెట్టిన కాగితం చదవడానికి వీల్లేకుండా ఉందని. రెండోదైతే వెలుతురులో మళ్లీ స్కాన్ చేసి పెడితే సరిపోతుంది. అర్హత పోలేదు.

ఎర్స్ట్‌వైల్: పూర్వపు, ఉమ్మడి అని అర్థం. సిద్దిపేట జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. అంతకుముందు తొగుట మెదక్ జిల్లాలో ఉండేది. అందుకే పాత కాగితాల్లో మెదక్ అని, కొత్త వాటిలో సిద్దిపేట అని ఉంటుంది. అది తప్పు కాదు. సర్వే నంబర్, ఊరు సరిపోయాయో లేదో చూడండి.

బ్యాంకు లేఖల్లో

ప్రిన్సిపల్: చివర పి, ఏ, ఎల్ ఉంటే అసలు సొమ్ము లేదా కాలేజీ ప్రిన్సిపల్. చివర పి, ఎల్, ఇ ఉంటే సూత్రం, నియమం. బ్యాంకు లేఖలో ఎక్కువగా కనిపించేది మొదటిదే. ‘ఇన్ ప్రిన్సిపల్ అప్రూవల్’ మాత్రం రెండోది. సూత్రప్రాయంగా ఒప్పుకున్నారే గానీ లోను ఇంకా ఖాయం కాలేదు.

శాంక్షన్డ్, డిస్బర్స్‌డ్: శాంక్షన్డ్ అంటే మంజూరైంది. డిస్బర్స్‌డ్ అంటే డబ్బు విడుదలైంది. మొదటిది జరిగినా రెండోది జరగడానికి టైం పట్టొచ్చు. అంతర్జాతీయ వార్తల్లో శాంక్షన్స్ అంటే ఆంక్షలు, అంటే పూర్తిగా వ్యతిరేక అర్థం. డిస్‌పర్స్‌డ్ అని పి అక్షరంతో ఉంటే గుంపును చెదరగొట్టారని.

అవుట్‌స్టాండింగ్: మార్కుల షీటులో అద్భుతం, లోను ఖాతాలో ఇంకా కట్టాల్సిన బాకీ.

వేవర్, రైట్ ఆఫ్: వేవర్ అంటే మాఫీ. 2024 జులైలో రాష్ట్రంలో మొదలైన పంట రుణమాఫీకి వాడిన మాట ఇదే. రైట్ ఆఫ్ అంటే బ్యాంకు తన పద్దుల్లో ఆ బాకీని మొండి ఖాతాగా పక్కన పెట్టడం. అప్పు తీసుకున్నవారికి అది మాఫీ కాదు. వసూలు చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది.

సర్వైవర్, నామినీ: జాయింట్ ఖాతాలో ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అంటే ఇద్దరిలో ఎవరైనా, లేదా ఒకరు పోతే బతికున్నవారు డబ్బు తీసుకోవచ్చు. దీనికీ భూమి కొలిచే సర్వేయర్‌కూ సంబంధం లేదు. బ్యాంకు డిపాజిట్లకు నామినీ అంటే డబ్బు అందుకోవడానికి పేరు ఇచ్చిన మనిషి. అంతమాత్రాన మిగతా వారసుల వాటా పోదు.

ఫోన్‌లో అనువాదం చేసుకుంటున్నారా?

కెమెరా పెట్టగానే తెలుగు చేసి చూపించే యాప్‌లు బాగా పనికొస్తాయి. అయితే పైన చెప్పిన రెండు అర్థాల మాటల దగ్గరే అవి తడబడే అవకాశం ఉంది. ఈ జాగ్రత్తలు తీసుకోండి.

ఒక్క మాటను కాకుండా మొత్తం వాక్యాన్ని, వీలైతే మొత్తం పేరాను అనువదించండి. చుట్టూ ఉన్న మాటలను బట్టే సరైన అర్థం తేలుతుంది.

అనువాదంలో పురస్కారం, ఆసక్తి, శీర్షిక, నిరసన, ఉరి లాంటి మాటలు కనిపిస్తే ఆగండి. భూమి కాగితంలో వాటికి చోటు లేదు. అసలు మాట ఏమిటో ఇంగ్లిష్‌లో చూడండి.

అంకెలు, తేదీలు, సర్వే నంబర్లు, పేర్లు అనువాదంలో కాకుండా అసలు కాగితంలోనే చదవండి.

ఆధార్ నంబర్, ఖాతా నంబర్ ఉన్న కాగితాన్ని పదిమంది ఉన్న గ్రూపులో పెట్టి అర్థం అడగొద్దు. ఆ భాగం కప్పి, నమ్మకమైన మనిషికే పంపండి.

తెలుగులో అడగొచ్చా?

అడగొచ్చు. భూసేకరణ ప్రాథమిక నోటిఫికేషన్‌ను ఆ ప్రాంతంలో వచ్చే రెండు దినపత్రికల్లో వేయాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషలోది అయి ఉండాలి. గ్రామ పంచాయతీ, తహసీల్దార్, ఆర్డీవో, కలెక్టర్ కార్యాలయాల్లో స్థానిక భాషలో పెట్టాలి. ఇది 2013 చట్టంలోని సెక్షన్ 11 చెప్పే మాట.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తును తెలుగులోనే రాయొచ్చు. మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. మీ సర్వే నంబర్‌కు సంబంధించిన అవార్డు నకలు, పంచనామా, లబ్ధిదారుల జాబితా ఇలా తీసుకోవచ్చు.

దస్తావేజును కూడా తెలుగులో రాయించుకుని రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఇంగ్లిష్‌లోనే ఉండాలన్న నియమం లేదు. సంతకం పెట్టే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండటమే మంచిది.

అఫిడవిట్ ఇంగ్లిష్‌లో ఉండి, సంతకం చేసేవారికి ఆ భాష రాకపోతే, చదివి వినిపించి వివరించినట్టు అందులో రాయించండి. ఆ మాట రాయించేముందు నిజంగానే చదివించుకోండి.

లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. తక్కువ ఆదాయం ఉన్న ఇతరులకూ ఇస్తారు. జాతీయ హెల్ప్‌లైన్ నంబర్ 15100.

సంతకానికి ముందు ఐదు ప్రశ్నలు

ఎవరు పంపినా, ఏ కాగితమైనా, సంతకం పెట్టేముందు ఈ ఐదింటికి సమాధానం దొరికిందో లేదో చూసుకోండి.

1. ఈ కాగితం ఏమిటి? ప్రకటనా, నోటీసా, నిర్ణయమా, ఒప్పందమా, హక్కు వదులుకోవడమా?

2. ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇచ్చారు? ఇది సాధారణంగా మొదటి పేరాలోనే ఉంటుంది.

3. గడువు ఎన్ని రోజులు? ఏ తేదీ నుంచి లెక్క?

4. పేరు, తండ్రి పేరు, సర్వే నంబర్, విస్తీర్ణం మీ పట్టాలో ఉన్నట్టే ఉన్నాయా? లేట్, మైనర్ లాంటి మాటలు సరైన మనిషి పక్కనే ఉన్నాయా?

5. సంతకం పెడితే మిగిలే హక్కు ఏది, పోయే హక్కు ఏది? అభ్యంతరం ఉంటే రాయడానికి చోటు ఉందా?

ఐదో ప్రశ్నకు జవాబు తెలియకపోతే ఆ రోజు సంతకం పెట్టకండి. నకలు అడిగి తీసుకోండి, తెలిసినవారికి చూపించండి. అయితే మూడో ప్రశ్నలోని గడువు దాటకముందే ఆ పని పూర్తి చేయండి.